మేనకోడలి బొమ్మల బీరువాకు అత్తయ్య సలహాలు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోను పెద్దది చేసుకుని చూశాను. బీరువా మూడు అరలూ ప్లాస్టిక్ జంతువుల బొమ్మలతో నిండాయి, సంతోషం. ఒకాపీ ఉంది, మలయా టేపిర్ ఉంది, షూబిల్ కొంగ కూడా ఉంది. "దీనికి బొమ్మల పిచ్చి పట్టింది" అని మీ నాన్న ఫోనులో అన్నాడు. ఆ మాట అంటూనే ఏ జంతువు ఏ దేశానిదో వరసగా చెప్పుకొచ్చాడు కాబట్టి ఆయన్ని పట్టించుకోకు. ఇంకా ఏవి కొనాలి, ఎలా పెట్టాలి అని అడిగావు. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషిని బొమ్మల గురించి అడిగితే ఉత్తరం పొడుగే అవుతుంది. తీరిగ్గా చదువు.

నీ బీరువాలో కాంగో అడవి ఉంది, సుమత్రా ఉంది, ఉగాండా చిత్తడి నేల ఉంది. మన ఏటూరునాగారం అడవి మాత్రం లేదు. ఇంటికి వచ్చిన వాళ్లకు ఒకాపీని, కొండగొర్రె ఫొటోను పక్కపక్కన పెట్టి పేర్లు అడిగి చూడు. జిరాఫీ చుట్టమని ఒకాపీని ఒకరైనా గుర్తుపడతారు. కొండగొర్రెను చూసి మేకపిల్లా అంటారు. పశువులు, మేకలు, లేళ్లు ఉన్న ఆ పెద్ద కుటుంబంలో, అడవిలో బతికే వాటిలో నాలుగు కొమ్ములు ఉండేది దీనికొక్కదానికే. ఇండియా, నేపాల్ దాటితే ఇది ఎక్కడా కనిపించదు. మన కవ్వాల్ అడవిలో ఉంది. మన వాళ్లకే తెలియని జంతువు కన్నా అరుదైనది ఇంకేం కావాలి?

నా మాట వింటే మధ్య అర ఖాళీ చేసి గోదావరి ఒడ్డుకు ఇచ్చెయ్యి. కవ్వాల్ నుంచి ఏటూరునాగారం దాకా ఉన్నవి, ఒకప్పుడు ఉన్నవి అక్కడ చేరాలి: అడవిదున్న, మనుబోతు (నీల్‌గాయ్), కొండగొర్రె, రేచుకుక్క (అడవికుక్క), దుమ్ములగొండి (చారల హైనా), అలుగు (పాంగోలిన్), మూషిక జింక, నీరుకుక్క, శివ్వారం మడుగుల మొసలి, బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన రాబందు. ఈ అర నిండటానికి ఏళ్లు పట్టవచ్చు, పట్టనివ్వు. దుకాణంలో ఉన్నవాటిని కొంటూ పోతే బీరువా ఎవరి ఇష్టప్రకారం నిండుతుంది? దుకాణం వాడి ఇష్టప్రకారమే కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. బొమ్మ నిజంగా ఆ జంతువేనా అన్నది డబ్బా మీద పేరు చూసి నమ్మకు. చుక్కల దుప్పి అని అమ్మే వాటిలో చాలా వరకు యూరప్‌లోని ఫాలో జింకలు. దానికీ చుక్కలుంటాయి, కానీ కొమ్ము పైభాగం అరచేయిలా వెడల్పుగా పరుచుకుంటుంది. మన దుప్పి కొమ్ము సన్నగా సాగి మూడు మొనలుగా చీలుతుంది. వెన్ను మీద నల్లచార, గొంతు దగ్గర తెల్లమచ్చ కూడా ఉండాలి. మన రాష్ట్ర జంతువు విషయంలోనే ఇంత గందరగోళం ఉంటే మిగతావాటి సంగతి ఊహించుకో. హైనా అని అడిగితే ఆఫ్రికా చుక్కల హైనా చేతిలో పెడతారు. దాని చెవులు గుండ్రన. మన దుమ్ములగొండి చెవులు మొనతేలి ఉంటాయి, ఒంటి మీద నిలువు చారలు, మెడ నుంచి వెన్ను పొడుగునా నిక్కబొడుచుకునే జూలు. ఇండియన్ బైసన్ అని ఉంటే విప్పి చూడు. మెడ, భుజాలు బొచ్చుతో నిండిపోయి ఉంటే అది అమెరికాది. మన అడవిదున్న ఒళ్లు నున్నగా నల్లగా ఉంటుంది, మోకాళ్ల కింద తెల్లమేజోళ్లు తొడిగినట్టు ఉంటుంది, వీపు మీది దిమ్మ సగంలో ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ దిమ్మ సరిగ్గా చేసిన శిల్పి అడవిదున్నను చూశాడని లెక్క.

మనుబోతులో మగదానికే కొమ్ములు, అవీ పొట్టివి. రంగు నీలిబూడిద. ఆడది, పిల్ల లేత గోధుమరంగులో ఉంటాయి. ముందుకాళ్ల వైపు ఎత్తు ఎక్కువ కాబట్టి వీపు వెనక్కి వాలుతుంది. గుర్రంలా వీపు సమంగా ఉన్న మనుబోతును వద్దనెయ్యి. చెంపల మీద రెండేసి తెల్లచుక్కలు, గొంతు కింద చిన్న జుట్టుకుచ్చు కూడా వెతుకు.

అలుగు దగ్గర ఇంకాస్త ఆగు. బొమ్మను వెల్లకిలా తిప్పి పొట్ట చూడు. అలుగు పొట్టకు, ముఖానికి, కాళ్ల లోపలి వైపుకు పొలుసులుండవు. అచ్చు పోసేవాడు బద్ధకించి ఒళ్లంతా పొలుసులు గీసేస్తే పొట్ట దగ్గర దొరికిపోతాడు. మన దేశపు అలుగుకు వీపు అడ్డంగా పొలుసులు 11 నుంచి 13 వరసలు. నడిచేటప్పుడు ముందుకాళ్ల గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది. రెండు వెనకకాళ్ల మీద లేచి నడుస్తున్నట్టు చేసిన బొమ్మ అయితే అది ఆఫ్రికా నేల అలుగు కావచ్చు. అదీ మంచిదే, కానీ పై అరలో పెట్టు. నీ టేపిర్‌ను కూడా ఒకసారి బయటికి తీసి వేళ్లు లెక్కపెట్టు: ముందుకాలికి నాలుగు, వెనకకాలికి మూడు ఉండాలి. ఒకాపీకి కొమ్ములుంటే మగది, చీటీ మీద అలాగే రాయి.

ఇవన్నీ తెలియాలంటే పుస్తకాలు కావాలి. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బొమ్మలున్న పాత జంతుశాస్త్రం పుస్తకాలు వెతుకు. నువ్వు ఇక్కడికి వస్తే కాకతీయ జూ పార్కుకు వెళ్దాం, దుప్పి ముందు నిలబడి పెన్సిలుతో గీద్దువుగాని. ఫొటోలో పట్టుబడని కాలి వంపు గీస్తుంటే తెలుస్తుంది.

కొలత గురించి కచ్చితంగా ఉండమంటాను, ఇక్కడ నాకు మొహమాటం లేదు. కంపెనీల వాళ్లు అన్నిటినీ ఒకే కొలతలో చెయ్యరు. చేతిలో పట్టేలా, డబ్బాలో ఇమిడేలా చేస్తారు. అందుకే నీ అరలో ఉడుత, ఏనుగు పిల్ల ఒకే ఎత్తున ఉన్నాయి. ఇరవయ్యో వంతు కొలత అనుకో. భుజం దగ్గర 1.8 మీటర్లుండే అడవిదున్న 9 సెంటీమీటర్లు రావాలి. 60 సెంటీమీటర్ల కొండగొర్రె 3 వస్తుంది. 30 సెంటీమీటర్లయినా దాటని మూషిక జింక సెంటీమీటరున్నర. అంత చిన్నది దొరకడం కష్టం, దొరికినా చీమలా కనిపిస్తుంది. కాబట్టి పెద్ద కొలతలో చేసిన చిన్న జంతువులకు ఒక మూల వేరుగా ఇవ్వు. కలిపి పెట్టక తప్పకపోతే, చిన్న కొలతలో చేసిన పెద్ద జంతువులను వెనక్కి జరుపు, దూరంగా ఉన్నట్టు కన్ను నమ్ముతుంది. మెట్లు కట్టి వరసగా నిలబెట్టావంటే బొమ్మల కొలువవుతుంది కానీ అడవి కాదు. గుంపులో తిరిగే రేచుకుక్కలు మూడైనా కలిసి ఉండాలి. అలుగు ఒంటరిది, దాని చుట్టూ ఖాళీ వదులు.

కింద పరచడానికి వాగు ఇసుక, ఎర్రచెలక మన్ను చాలు. పెనంలో వేయించి చల్లార్చాకే వాడు, లేకపోతే పురుగులు వస్తాయి. అట్ట మీద ఫెవికాల్ నీళ్లు కలిపి రాసి జల్లు. వెనక గోడకు అచ్చువేసిన అడవి బొమ్మ అంటించకు, అది కళ్లను లాగేస్తుంది. లేత బూడిదరంగు కాగితం పెట్టు. చీటీ మీద పేరుతో పాటు ఒక్క వాక్యం రాయి. రాబందు దగ్గర, పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు వీటి ప్రాణం తీసిందని, ఆ వాడకాన్ని 2006లో నిషేధించారని రాస్తే ఎవరైనా ఆగి చదువుతారు.

మన ఎండ సంగతి చెప్పనా? ఈ బొమ్మలు మెత్తని పీవీసీతో చేసినవి. పై అంతస్తు గదిలో, మే నెలలో, సన్నకాళ్ల లేడి మెల్లగా ముందుకు వాలుతుంది. విరిచెయ్యకు. వేడినీళ్లలో కాసేపు ముంచి, కాలు సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెట్టు, నిలబడుతుంది. కిటికీ ఎండ నేరుగా తగిలితే రంగు వెలుస్తుంది. కొన్నేళ్లకు కొన్ని బొమ్మలు జిగటగా తయారవుతాయి, ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం పైకి రావడం వల్ల. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వకు. థర్మోకోల్ మీద నిలబెట్టకు, అదే పదార్థం థర్మోకోల్‌ను తినేస్తుంది. బీరువాలో నాఫ్తలీన్ గోళీలు వద్దు. అద్దం తలుపులుంటే దుమ్ము బాధ సగం పోతుంది, బల్లుల బాధ పూర్తిగా పోతుంది.

చుట్టాల పిల్లలు వస్తారు, ఇమ్మని ఏడుస్తారు. వాళ్ల కోసం ఒక డబ్బా నిండా మేడారం జాతరలో దొరికే ప్యాకెట్ సింహాలు, జిరాఫీలు ఉంచు. మరీ పసివాళ్లకు అవి కూడా ఇవ్వకు, నోట్లో పెట్టుకుంటారు.

కొనడం గురించి నీకే ఎక్కువ తెలుసు, రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. జర్మనీ ష్లైక్, ఫ్రాన్స్ పాపో, అమెరికా సఫారీ, ఇంకా కలెక్టా, ఈ బొమ్మల కంపెనీలు ఏటా కొన్ని కొత్తవి తెచ్చి కొన్ని పాతవి ఆపేస్తాయి. ఆపేసిన అరుదైన జంతువు ధర పెరుగుతుంది, సింహం ధర పెరగదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలన్న నిబంధన 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. అందుకే విదేశీ సరుకు సులువుగా రాదు. తెప్పించుకునే ముందు సుంకం కూడా లెక్క వేసుకో. పొట్ట కింద కంపెనీ గుర్తు లేకుండా, అదే భంగిమలో, అచ్చు గీతలు మొరటుగా కనిపిస్తే అది నకలు. నకలైనా జంతువు సరిగ్గా ఉంటే నాకు అభ్యంతరం లేదు, ధర మాత్రం నకలు ధరే ఇవ్వు. ప్రతి బొమ్మకూ నోటుపుస్తకంలో ఒక వరస కేటాయించు: తెలుగు పేరు, శాస్త్రీయ నామం, కంపెనీ, పొట్ట మీది సంవత్సరం, ధర. ఆ సంవత్సరం సాధారణంగా అచ్చు రూపొందించినదే, నీ చేతిలోని బొమ్మ ఆ తర్వాత ఎప్పుడైనా పోసినది కావచ్చు.

దొరకనివి చేసుకోవాలి. నాకు ఇందులోనే ఎక్కువ ఆనందం. కొండగొర్రె కావాలంటే సరైన ఎత్తున్న మామూలు లేడి బొమ్మ తీసుకో, కొమ్ములు కత్తిరించు, పాత మోటారు చుట్టలోని రాగితీగను సూదితో పొడిచిన రంధ్రాల్లో గుచ్చు, పైన ఎంసీల్ పలచగా అద్ది గీరు. చేతికి గ్లవ్స్ వేసుకో. ఒక సూక్ష్మం: కొండగొర్రె ముందు జత కొమ్ములు చిన్నవి, మన దక్షిణాది వాటిలో ఒక్కోసారి బుడిపెల్లాగే ఉంటాయి. ఉత్తరాది ఫొటో చూసి పొడుగ్గా పెట్టకు. అక్రిలిక్ రంగులు నీళ్లలా పలచగా, రెండు మూడు పూతలు. చివర నీటితో కలిసే మాట్ వార్నిష్ కుంచెతో రాయి. స్ప్రే డబ్బాలు కొన్ని పీవీసీ మీద ఎప్పటికీ ఆరవు, ముందు పొట్ట కింద పరీక్షించుకో.

చెక్కతో చేయించాలంటే నిర్మల్ వెళ్లు. తేలికైన పొనికి చెక్క, చింతగింజల జిగురు వాళ్ల పనితనం. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలుగు కావాలని నోటితో చెబితే వాళ్ల ఊహలోని అలుగు వస్తుంది. పక్క నుంచి, పై నుంచి, ముందు నుంచి మూడు బొమ్మలు కొలతలతో గీసి ఇవ్వు, వాళ్ల కూలి దగ్గర బేరమాడకు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు పోసే డోక్రా ఇత్తడి జంతువులు నాకు ఎంతో ఇష్టం, కానీ వాటి అందం వేరు, అచ్చం జంతువులా ఉండాలన్న పట్టింపు వాటికి లేదు. వాటిని హాల్లో పెట్టుకో.

ఊళ్ల నుంచి ఎవరైనా నీ సరదా విని దుప్పి కొమ్ము, అలుగు పొలుసు తెచ్చి ఇస్తారు. ఎంత ప్రేమగా ఇచ్చినా తీసుకోకు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అవి ఇంట్లో ఉండటమే నేరం. ఆ పొలుసుల కోసమే అలుగులను చంపుతున్నారు. 2016లో ప్రపంచంలోని ఎనిమిది జాతుల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాల్సి వచ్చింది. మన దగ్గర ప్లాస్టిక్‌వి ఉన్నాయి, అవి చాలు.

ఇంకొకటి మనసులో ఉంది. నీ డైనోసార్లన్నీ అమెరికా, మంగోలియావి. ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు కోటాసారస్ మనది. 1988లో దానికి ఆ పేరు పెట్టారు. దాని బొమ్మ నేను ఏ దుకాణంలోనూ చూడలేదు, మనమే చేద్దాం. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో ఎముకల గూడు నిలబెట్టారు. వచ్చే నెల అటు వెళ్తానన్నావు కదా, పక్క నుంచి నిటారుగా, తల నుంచి తోక చివరిదాకా వచ్చేలా ఫొటో తీసి పంపు. పక్కన మీ నాన్నను నిలబెట్టు, ఆయన ఎత్తు నాకు తెలుసు, మిగతా కొలతలు నేను తేల్చుకుంటాను. ఎంసీల్ రెండు ప్యాకెట్లు కొని ఉంచుతాను.

మీ అత్తయ్య