గేదె మీకే చేపుతుందని అమ్మ దగ్గరికి వెళ్లడం మానుకోకండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాకు 36 ఏళ్లు. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి ఐదు. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. రెండు పాడి గేదెలు, ఒక పెయ్యదూడ, పదిహేను దాకా నాటుకోళ్లు, పెరట్లో కూరపాదులు ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే రాత్రి పదిన్నరకు గానీ నడుం వాల్చను. కాపురానికి వచ్చిన ఏడాదే మా అత్తయ్య నాకు పాలు తీయడం నేర్పింది. పదిహేనేళ్లుగా అది నా పనే. గేదెలు నా చేతికి తప్ప చేపవు, అంటే పాలు దించవు. ఒకసారి పుట్టింట్లో ఒక్క రాత్రి ఉంటే పెద్ద గేదె ఎగచేపింది, పాలు దించకుండా బిగబట్టింది. వారం రోజులు అత్తయ్య చేత మాటలు పడ్డాను. మొన్న మా అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయితే పొద్దున వెళ్లి, సాయంత్రం పాల వేళకి బస్సు పట్టుకుని వచ్చేశాను. అమ్మ "అప్పుడేనా" అంది. మూడు నెలల్లో రెండో కంటికి చేస్తారు. ఈసారి నాలుగు రోజులు ఉంటానంటే మా ఆయన "ఇంట్లోనే ఉంటావుగా, నీకేం కష్టం? నువ్వెళ్తే గేదెల్ని ఎవరు చూస్తారు? అంతగా వెళ్తే ఇంజెక్షన్ వేసి పిండుకుంటాంలే" అన్నాడు. గేదెల్ని అమ్మేద్దామంటే అవి నాకు ప్రాణం, పైగా ఇల్లు గడిచేది పాల బిల్లు మీదే. ఈమధ్య పాకలో కూర్చుంటే ఊరికే ఏడుపు వస్తోంది. చిక్కుడు పాదుకు నీళ్లు పోసే పది నిమిషాలే నావి అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ "అప్పుడేనా" దగ్గర ఆగిపోయాను. కంటికి కట్టుతో పడుకున్న తల్లి ఆ ఒక్క మాట అని ఊరుకుంది. ఆ మాట బస్సులో దారి పొడుగునా మీ చెవుల్లో మోగి ఉంటుంది. రెండో కన్నుకు మీరు వెళ్లాలి. నాలుగు రోజులూ ఉండాలి. మూడు నెలల గడువు ఉంది కాబట్టి అది కుదిరే పనే.

మీ ఆయన ఒకే ఊపులో రెండు మాటలన్నారు. ఇంట్లోనే ఉంటావుగా, నీకేం కష్టం అన్నారు. నువ్వెళ్తే గేదెల్ని ఎవరు చూస్తారు అనీ అన్నారు. రెండోదే నిజం, అది ఆయనకూ తెలుసు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఎవరి సమయం ఎలా గడుస్తోందో సర్వే చేయించింది. జీతం లేని ఇంటి పనిలో చేయి పెట్టే ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97 నిమిషాలు అందులోనే పోతున్నాయని తేలింది. అది వంట, ఊడ్పు, ఉతుకు లాంటి పనుల లెక్క. మీకైతే పేడ ఎత్తడం, కుడితి కలపడం, గడ్డి కోసి తేవడం, పాలు తీసి కేంద్రానికి చేర్చడం అన్నీ దాని పైన. మీరు అలసిపోవడంలో వింతేమీ లేదు. అది మీ చేతగానితనం అసలే కాదు.

ఇప్పుడు అసలు సంగతి. దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించినట్టు లేదు. కాపురానికి వచ్చిన ఏడాదే అత్తయ్య పాలు తీయడం నేర్పిందని రాశారు. అంటే అప్పటిదాకా ఆ ఇంటి గేదెలు చేపింది ఆవిడ చేతికి. తర్వాత మీ చేతికి మారాయి. ఒకసారి మారిన అలవాటు ఇంకోసారీ మారుతుంది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూడా రెండు గేదెలు ఉండేవి. తమ్ముడి కాన్పుకు అమ్మ పుట్టింటికి వెళ్లినప్పుడు నాన్న పాలకు కూర్చున్నాడు. అమ్మ పాత నేతచీర, ఉతకనిది, భుజాల చుట్టూ కప్పుకున్నాడు. గేదె మెడ తిప్పి వాసన చూసింది. పొదుగు కడిగి, దూడను వదిలి, మళ్లీ కట్టి, డొక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. మొదటి రోజు ఖాళీ చెంబులో ధార ఖంగుమంటూనే ఉంది, నురగలో పడే ఆ మెత్తని చప్పుడు రానేలేదు. చెంబులో సగం కూడా పడలేదు. నాన్న విసుక్కోలేదు. అయిదో రోజో ఆరో రోజో ఆ చప్పుడు మారడం వసారాలో కూర్చున్న నాకు వినపడింది.

చీర వల్లనా అంటే వాసన, గొంతు, వేళ, చోటు అన్నీ కలిస్తేనే గేదెకు ధైర్యం. పాలు చేపించేది దాని ఒంట్లో తయారయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్. కొత్త మనిషో, అరుపో, దెబ్బో దాన్ని బెదిరిస్తే ఆ హార్మోన్ పని చేయదు, పాలు పొదుగు పైభాగంలోనే ఉండిపోతాయి. గేదె ఆవు కంటే నిదానం. పొదుగు తడిమాక చేపడానికి రెండు నిమిషాలో ఇంకా ఎక్కువో పడుతుంది. తొందరపడేవాళ్లకు ఎగచేపుతుంది.

అందుకని రెండు నెలల ముందే మొదలుపెట్టండి, అది కూడా రెండింటిలో సాధువైన గేదెతో. మొదటి వారం మీ ఆయన దాణా పెట్టి, మీరు కూర్చునే వైపే నిలబడితే చాలు. రెండో వారం మీరు దూడను వదిలి, గేదె చేపాక లేచి దాని తల దగ్గర నిలబడండి, ఆయన కూర్చుంటారు. ఆయన తీసినంత తీశాక మిగిలింది మీరు తీసేయండి. పొదుగులో పాలు నిలవుంటే పొదుగువాపు రావచ్చు. మూడో వారం మీరు పాకలోకి రాకండి. వంటింట్లో ఉండిపోవడం మీకు కష్టమే, అయినా ఉండండి. ఇది కుదిరాక పెద్దదాన్ని పట్టుకోండి. మొదట్లో పాలు కొంత తగ్గుతాయని ఆయనకు ముందే చెప్పండి. చెప్పకపోతే ఆ తగ్గింది మళ్లీ మీ నెత్తినే పడుతుంది.

ఇంజెక్షన్ మాట ఆయన కోపంలో అని ఉండొచ్చు. కానీ అది మాత్రం ఒప్పుకోకండి. పశువైద్యుడు రాసిస్తే తప్ప వాడకూడని మందు అది. పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెడగొట్టే ఇంజెక్షన్ వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. దానికి అలవాటు పడ్డ గేదె అది లేకుండా చేపడం మానేస్తుంది. నాలుగు రోజుల కోసం ఏళ్ల పాడిని పాడుచేసుకున్నట్టే. మీరు లేనప్పుడు గేదెకు ఏదైనా నలతగా ఉంటే 1962కి ఫోన్ చేయమనండి, సంచార పశువైద్య వాహనం కోసం ఉన్న నంబరు అది.

ఇదంతా మీ ఆయనకు ఎప్పుడు చెప్పాలి? పాల వేళప్పుడు వద్దు, ఆయన పొలం నుంచి వచ్చీ రాగానే వద్దు. అన్నం తిని మంచం మీద కూర్చున్నప్పుడు, మీ అత్తయ్య కూడా వింటుండగా చెప్పండి. ఎలాగంటే, ముందు ఆవిడనే అడగండి: "అత్తయ్యా, అప్పట్లో గేదెల్ని నా చేతికి ఎలా అలవాటు చేశారు? ఎన్నాళ్లు పట్టింది?" ఆవిడ చెప్పడం మొదలుపెడితే, గేదె చెయ్యి మారుతుందని కొడుక్కి తల్లే చెప్పినట్టవుతుంది. ఇంకో మాట కూడా బయటికి రావచ్చు. మీకంటే ముందు ఎన్నో ఏళ్లు ఆ పాకలో కూర్చున్నది ఆవిడే. ఆవిడ కూడా ఎన్ని పెళ్లిళ్లకు, ఎందరి చావులకు వెళ్లలేకపోయిందో! ఆవిడ మీ మీద చూపించిన కటువులో అదెంత ఉందో నేను చెప్పలేను. అడిగి చూడండి. తర్వాత మీ ఆయనతో "మా అమ్మకు రెండో కన్ను చేసే రోజు నేను అక్కడ ఉండాలి" అని ఆ ఒక్క మాటే చెప్పండి. పదిహేనేళ్ల లెక్కలు ఆ రాత్రే తీస్తే ఈ మాట వాటి కింద పడిపోతుంది.

మీ అమ్మాయిని మాత్రం పాల దగ్గర కూర్చోబెట్టకండి. సులువుగా తోచేది అదే, ఇంట్లోవాళ్లూ అదే అంటారు. ఎనిమిదో తరగతి పిల్లకు తెల్లవారుజామున నిద్ర కావాలి. చిక్కుడు పాదుకు నీళ్లు పోయడం, గోంగూర కోయడం ఆ పిల్ల చేస్తుంది. సాయంత్రం కోళ్లను లెక్కపెట్టి గంప కింద మూయడం అబ్బాయికి ఆట లాంటిది.

పాల బిల్లు సంగతి ఊరికి వెళ్లొచ్చాక ఎత్తండి. పాల కేంద్రంలో సభ్యత్వం ఎవరి పేరున ఉందో, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో మీరు రాయలేదు. మీ పేరున లేకపోతే మార్పించమని అడగడం న్యాయమే.

ఇక ఆ ఏడుపు. చాలాకాలం సరైన నిద్ర లేక, మనసులో మాట చెప్పుకునే మనిషి లేక అలా రావచ్చు. రెండు వారాలకు మించి రోజూ వస్తున్నా, తిండి సయించకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సేవ. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఒక రాత్రి పుట్టింట్లో ఉండి చూడండి. వెళ్లేముందు మీ పాత చీర ఒకటి పాకలో దండెం మీద వదిలి వెళ్లండి, ఉతక్కుండా. ఆ సాయంత్రం పాల వేళకి ఇంటికి ఫోన్ చేయకండి. ఎన్ని లీటర్లు ఇచ్చిందో పొద్దున ఆయనే చేసి చెప్తారు. ఆ వేళకి మీరు అమ్మ పక్కన కూర్చుని కాఫీ తాగుతూ ఉండండి.