ఎక్కడ ఆగారని అడగండి

యువమిత్రులకు,

నమస్కారం. పాఠకుల అభిప్రాయాలు పోగుచేసి మీరు పంపిన వ్యాసం చేరి పది రోజులైంది. మొదటిసారి చదివినప్పుడు చిరాకు వేసి పక్కన పెట్టాను. రెండోసారి చదువుతూ ముప్ఫై ఒకటో అభిప్రాయం దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ ఒక్కదాని కోసమే రాస్తున్నాను. మార్క్ బౌడెన్ రాసిన ‘బ్లాక్ హాక్ డౌన్’ చదివిన నలభై మంది తెలుగువాళ్ళను వెతికి పట్టుకోవడం, వాళ్ళ చేత మాట్లాడించడం చిన్న పని కాదని ఒప్పుకుంటూ, మెచ్చుకోలు ఇక్కడితో సరిపెట్టి అసలు సంగతికి వస్తాను.

మీ నలభై అభిప్రాయాల్లో ‘కళ్ళకు కట్టినట్టు’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. పెన్సిలుతో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. ‘ఏకబిగిన చదివించింది’ ఏడుసార్లు, ‘సినిమా చూస్తున్నట్టుంది’ ఆరుసార్లు వచ్చాయి. ఈ వాక్యాల్లో పుస్తకం పేరు తీసేసి వేరే పేరు పెడితే, మిగతా ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు. 1993 అక్టోబర్ 3 మధ్యాహ్నం సోమాలియా రాజధాని మొగదిషులో అమెరికన్ సైనికులకూ అక్కడి సాయుధులకూ మధ్య మొదలై మర్నాటి పొద్దుటిదాకా సాగిన పోరాటం గురించి రాసిన పుస్తకానికీ, ఎవరో రాసుకున్న కాశీయాత్రకూ ఒకే మాట సరిపోతోందంటే, ఆ మాటను అభిప్రాయం అనలేం, మర్యాద అనాలి. పెళ్ళిలో విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంటూ ‘వంటలు బాగున్నాయండీ’ అనడం లాంటిది. ఆ మర్యాదను మీరు నమ్మారు. నమ్మి ఊరుకోకుండా, అనుకూలం ఇరవై ఆరు, ప్రతికూలం తొమ్మిది, తటస్థం అయిదు అని పట్టిక కూడా వేశారు.

తప్పు మీ పాఠకులది కాదు, మీరు వేసిన ప్రశ్నది. ‘పుస్తకం ఎలా ఉంది?’ అని అడిగితే ఎవరైనా తీర్పే చెబుతారు. తీర్పు చెప్పడానికి పుస్తకం చదవనక్కర్లేదు కూడా. ‘ఎక్కడ ఆగారు?’ అని అడిగి చూడండి. ఏ పుట దగ్గర పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూశారు, ఏ వాక్యం రెండుసార్లు చదివారు, ఎక్కడ విసుగెత్తి పుటలు దాటేశారు అని అడగండి. యుద్ధం గురించిన పుస్తకానికి ఇది మరీ అవసరం. ఎందుకంటే యుద్ధం మీద ప్రతివాడికీ ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, అది పుస్తకం తెరవకముందే తయారై ఉంటుంది. ఆగిన చోటు మాత్రం ముందుగా తయారై ఉండదు. ఇది నా పిచ్చి అంటారు నా స్నేహితులు. అననివ్వండి.

ఇక ముప్ఫై ఒకటో ఆయన. మీ ఊరి విశ్రాంత సైనికుడు. ఐక్యరాజ్య సమితి తరఫున 1993లో సోమాలియా వెళ్ళిన భారత బ్రిగేడ్‌లో అక్కడి బైదోవా పట్టణం వైపు లారీ నడిపారని, ఇంగ్లీషు చదవలేరు గనుక కూతురు రోజూ కొంత చదివి తెలుగులో చెబుతుంటే విన్నారని రాశారు. ఇంత చెప్పి ఆయన మాటకు మీరిచ్చిన చోటు రెండే వాక్యాలు: ‘పుస్తకం బాగానే ఉంది. నీళ్ళ దగ్గర ఆపమన్నాను, మళ్ళీ వారానికిగానీ తియ్యమనలేదు.’ ‘నీళ్ళ దగ్గర’ అంటే ఏమిటని మీరు అడగలేదు. అడగకపోగా ఆయనను తటస్థం గడిలో వేశారు!

ఆ నీళ్ళేమిటో నాకు వెంటనే తెలిసింది. ఒలింపిక్ హోటల్ దగ్గరి ఇంట్లో సమావేశమైన సోమాలీ సాయుధ వర్గ నాయకుడు మహమ్మద్ ఫరా అయిదీద్ అనుచరులను పట్టుకుని గంటలో తిరిగి వచ్చేస్తామని అమెరికన్ సైన్యంలోని రేంజర్ల దళంవాళ్ళు అనుకున్నారు. పగటిపూట పని కదా అని వాళ్ళలో చాలామంది చీకట్లో చూపునిచ్చే పరికరాలను, నీళ్ళ బాటిళ్ళను శిబిరంలోనే వదిలేసి హెలికాప్టర్లెక్కారు; కొందరు కవచంలో వీపు వైపు పలకను కూడా బరువని తీసేశారు. రెండు బ్లాక్ హాక్ హెలికాప్టర్లు కూలాయి. తొంభై మందికి పైగా ఆ రాత్రంతా ఆ వీధుల్లో చిక్కుబడ్డారు. మీరూ నేనూ ఆ పుటను సామాన్ల జాబితాలాగా దాటేసి కాల్పుల దగ్గరికి పరిగెత్తుతాం. ఆ దేశపు ఎండలో లారీ నడిపినవాడు మాత్రం కాల్పులు ఇంకా మొదలుకాకముందే, ఆ బాటిళ్ళ దగ్గరే, చదవడం ఆపమన్నాడు. జరగబోయేదంతా ఆయనకు అక్కడే తెలిసిపోయింది. మీ నలభై మందిలో ఈ పుస్తకానికి అసలైన విమర్శకుడు ఆయనే. ఆయన మాటను మీరు రెండు వాక్యాలకు కత్తిరించారు.

మీరు ప్రతికూలం గడిలో వేసిన ఒక డిగ్రీ విద్యార్థి సంగతి కూడా ఇలాంటిదే. ‘పేర్లు ఎక్కువ, ఎవరెక్కడున్నారో తెలియక గందరగోళపడ్డాను’ అన్నారు. ఎక్కడ గందరగోళపడ్డారో చెప్పించి ఉంటే! దారితప్పిన వాహనశ్రేణి దగ్గరే అయి ఉంటుందని నా అనుమానం. కూలిన మొదటి హెలికాప్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన ఆ వాహనాలకు దారి చెబుతున్నది పైన ఎగిరే నిఘా విమానం. ఆ విమానానికి కింది వాహనాలతో నేరుగా మాట్లాడే వీలు లేదు. ‘ఎడమకు తిరగండి’ అన్న మాట కమాండు కేంద్రం చుట్టూ తిరిగి డ్రైవరు చెవిన పడేసరికి ఆ మలుపు వెనకబడిపోయేది. అతను తరువాతి మలుపులో తిరిగేవాడు. అలా తుపాకుల మధ్య తిరిగిన చోటే తిరిగి, ఎక్కించుకున్న గాయపడినవాళ్ళు ఎక్కువై, చివరికి చేరాల్సిన చోటు చేరకుండానే స్థావరానికి వెనుదిరిగారు. ఆ అధ్యాయంలో పాఠకుడికి దారి తెలియకపోతే అది రచన లోపమా, రచన ఫలితమా అన్నది గంటసేపు మాట్లాడుకోదగ్గ ప్రశ్న. పుట సంఖ్య లేకపోవడం వల్ల అది ఫిర్యాదుగా మిగిలిపోయింది.

ఇంకొక మాట కూడా ఉంది, మీరు నొచ్చుకున్నా చెప్పాలి. మీ నలభై మందిలో కనీసం అయిదుగురు పుస్తకం చదవలేదు. 2001లో రిడ్లీ స్కాట్ తీసిన సినిమా చూశారు. ‘కథానాయకుడు సార్జెంట్ ఎవర్స్‌మన్’ అన్నవాళ్ళు వీళ్ళే. పుస్తకంలో అతను చాలామందిలో ఒకడు. ఎక్కడ ఆగారని అడిగి ఉంటే ఈ అయిదుగురూ మొదటి నిమిషంలోనే బయటపడేవారు.

ఈ తీర్పుల జబ్బు మీతో మొదలైంది కాదు, కాబట్టి మిమ్మల్ని ఒక్కరినే అనడం న్యాయం కాదు. నేను పుస్తక సమీక్షలు రాసే రోజుల్లో ఒక ఆదివారం అనుబంధం సంపాదకుడు నా వ్యాసాల్లో పుట సంఖ్యలన్నీ కొట్టేసేవాడు. ‘పాఠకుడికి లెక్కలెందుకండీ, కొనాలో వద్దో చెప్పండి చాలు’ అనేవాడు. తరువాత వచ్చినవాళ్ళు ఆ రెండు ముక్కలు కూడా దండగని నక్షత్రాలు పెట్టారు. మూడున్నర నక్షత్రాలట! ఆ సగం నక్షత్రం ఏ పుటకు తగ్గిందో ఇచ్చినవాడే చెప్పలేడు. కొత్తగా రాసేవాళ్ళు ఇది చూసి పెరిగి, అభిప్రాయమంటే మార్కులు వెయ్యడమని అనుకుంటున్నారు.

నేను ఈ పాఠం ఒక కార్డుముక్క వల్ల నేర్చుకున్నాను. నలభై ఏళ్ళ కిందటి మాట. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం రేవు ముంగిట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 90 మందికి పైగా నావికులతో మునిగిపోవడం మీద ఒక వారపత్రికలో ధారావాహిక రాశాను. భారత యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన బాంబుల వల్లనా, పాకిస్తాన్ చెప్పే లోపలి పేలుడు వల్లనా అని రెండు వాదనలూ వివరంగా పెట్టి, ఎవరూ వేలెత్తి చూపలేరని మురిసిపోయాను. మొదటి వాక్యం మాత్రం అలవాటుగా వచ్చేసింది: ‘ఆ రాత్రి సముద్రం మీద చిమ్మచీకటి.’ సంచికకు ఉత్తరాలు బస్తాలుగా వచ్చాయి. అన్నీ ‘అద్భుతం’, ‘రోమాంచితం’, ‘జై జవాన్’. వాటి మధ్య విశాఖలోని మహారాణిపేట నుంచి ఒక పెద్దావిడ రాసిన కార్డు ఉంది. ‘నాయనా, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. అప్పటికి పౌర్ణమి వెళ్ళి రెండు రోజులైనా నిండలేదు. సైరన్లు మోగితే దీపాలార్పి కిటికీలకు నల్లకాగితాలు అంటించాము గానీ వెన్నెలకు ఎవరు అంటిస్తారు? సముద్రమంతా తెల్లగా కనబడుతోందని మా ఆయన భయపడ్డారు.’

పాత పంచాంగం తీసి చూశాను. ఆవిడ చెప్పింది నిజం. డిసెంబర్ 2 పౌర్ణమి. సిగ్గుతో సవరణ రాసి పట్టుకెళితే, ఆ పత్రికలో నా ధారావాహిక చూసే పెద్దమనిషి నవ్వి, ‘ముఖచిత్రం కూడా చీకటిగా వేయించాం, ఇప్పుడు వెన్నెలంటే ఎలాగండీ’ అని కాగితం వెనక్కిచ్చాడు. ఆయన ఇప్పుడు లేడు గానీ నా కోపం ఇంకా ఉంది. పుస్తకంగా వేసినప్పుడు సొంత ఖర్చుతో వేశాను, మొదటి వాక్యంలో వెన్నెల పెట్టాను. ‘అద్భుతం’ అని రాసిన బస్తాల మందిలో ఒక్కరి ఊరి పేరైనా నాకు గుర్తులేదు.

మీరు ఎంచుకున్న పుస్తకం పుట్టుకలో కూడా ఇలాంటి పాఠకులున్నారు. ఈ ముక్క మీ వ్యాసంలో లేకపోవడం నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది. 1999లో పుస్తకం కాకముందు అది 1997 చివర్లో ‘ఫిలడెల్ఫియా ఇంక్వైరర్’ దినపత్రికలో దాదాపు నెలరోజులు ధారావాహికగా వచ్చింది. ఆ పత్రిక దాన్ని ఇంటర్నెట్‌లో కూడా పెట్టింది. బౌడెన్ సైన్యంలో పనిచేసినవారు కాదు, పత్రికా విలేఖరి. ఆ పోరాటంలో స్వయంగా ఉన్న సైనికులు చదువుతూ, ఫలానా చోట ఫలానా వివరం తప్పు, ఆ ఆయుధం అది కాదు, నేను నిలబడింది అక్కడ కాదు అని రాస్తూ వచ్చారు. ఆయన వాటికి జవాబులిస్తూ, దిద్దుకుంటూ పోయారు. ఆ దిద్దుబాట్లు పుస్తకంలోకి చేరాయి. ఆ పాఠకులు ‘కళ్ళకు కట్టినట్టుంది’ అని ఊరుకుని ఉంటే మీరు చదివిన పుస్తకం ఇలా ఉండేది కాదు.

ఎవరూ ఆగని చోటు కూడా నమోదు చేసుకోవాలి. మీ పాఠకుల్లో చాలామంది ‘ఆ జనానికి అంత కసి ఎందుకో అర్థం కాలేదు’ అన్నారు. ఆ కసి ఎక్కడిదో పుస్తకంలోనే ఉంది. 1993 జూన్ 5న అయిదీద్ మనుషులు 24 మంది పాకిస్తానీ శాంతి సైనికులను చంపేశారు. దరిమిలా జూలై 12న అమెరికన్ హెలికాప్టర్లు అయిదీద్ తెగకు చెందిన పెద్దలు సమావేశమైన ఇంటి మీద క్షిపణులు వదిలాయి. రెడ్ క్రాస్ లెక్క ప్రకారం అక్కడ చనిపోయినవారు 54 మంది. బౌడెన్ మొగదిషు వెళ్ళి సోమాలీలతో మాట్లాడి ఇదంతా రాశారు. మీ నలభై మందిలో ఒక్కరూ ఆ పుటల దగ్గర ఆగినట్టు లేరు. అక్టోబర్ పోరాటంలో చనిపోయిన 18 మంది అమెరికన్ల పేర్లు తలుచుకున్నవాళ్ళున్నారు. చనిపోయిన సోమాలీల సంఖ్య కచ్చితంగా ఎవరూ తేల్చలేదు, వందల్లో అన్నవారూ వెయ్యి దాకా అన్నవారూ ఉన్నారు. ఆ తేలని లెక్క గురించి మీ వ్యాసంలో ఒక్క ప్రశ్న కూడా లేదు. ఇది పుస్తకం లోపం కావచ్చు, ఎందుకంటే అందులో పేరూ ఊరూ ఉన్న మనుషులు ఎక్కువగా ఒక పక్షంవాళ్ళే. చదివేవాళ్ళ లోపమూ కావచ్చు. తేల్చాలంటే నలభై మందినీ మళ్ళీ కలవాల్సిందే.

అనువాదం గురించి, ప్రచురణకర్తల గురించి మీరడిగిన ప్రశ్నలు నా బల్ల మీదే ఉన్నాయి. వాటి సంగతి మరోసారి చూద్దాం.

ప్రస్తుతానికి పట్టిక చింపేయండి. నలభై మందినీ కలవడం కుదరకపోతే ముప్ఫై ఒకటో ఆయన దగ్గరికి ఒక్కసారి వెళ్ళండి. ఎండ తగ్గాక వెళ్ళండి, కాగితం వెంటనే తియ్యకండి. ఆ వారం రోజులు పుస్తకం ఎందుకు తియ్యమనలేదో, బైదోవా దారిలో తన లారీలో నీళ్ళు ఎన్ని క్యాన్లు పెట్టుకునేవారో అడగండి. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకోండి, మన గ్రాంథికంలోకి దిద్దకండి. వచ్చేముందు ఆ అమ్మాయి చదివి వినిపించిన పుస్తకం ప్రతిని ఒకసారి చూపించమనండి. నీళ్ళ దగ్గర పుట మూల మడిచి ఉందేమో చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి