ఎంవీసీ పాతబడిందా? జాంగో మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాదిలో ఉన్నాడు. ఆరు నెలల నుంచి వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో నేర్చుకుంటూ ఒక ప్రాజెక్టు చేస్తున్నాడు. అడిగితే ఎంవీసీ పద్ధతి అంటాడు. అది ఎప్పుడో పాతబడిందనీ, ఇప్పుడంతా రియాక్ట్, నోడ్ అనీ తెలిసినవాళ్లు చెబుతున్నారు. వాడి స్నేహితుడు మూడు నెలల ఫుల్‌స్టాక్ కోర్సులో చేరి అప్పుడే రెండు వెబ్‌సైట్లు చేసేశాడట. మావాడిని కూడా ఇది మాన్పించి అందులో చేర్చమంటారా? రెండింటిలో దేనికి ఉద్యోగాలు ఎక్కువో పోల్చి చెప్పండి.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. టెక్నాలజీల పేర్లు మారతాయి గానీ భయం మాత్రం అదే: అందరూ వదిలేసినదాన్ని మా పిల్లాడు పట్టుకుని కూర్చున్నాడేమో అని. మీ అబ్బాయి దారి తప్పలేదు. ముందు ఈ మాట నమ్మండి. పోలిక సంగతి తర్వాత చూద్దాం.

ఎంవీసీ అంటే మోడల్, వ్యూ, కంట్రోలర్ అని ప్రోగ్రామును మూడు భాగాలుగా విడదీయడం: డేటానూ దాని నియమాలనూ చూసుకునేది మోడల్, తెరమీద చూపించేది వ్యూ, వాడేవాళ్లు అడిగినదాన్ని అందుకుని ఆ రెండింటినీ నడిపించేది కంట్రోలర్. ఇది పాతదన్న మాట నిజమే. 1979లో జెరాక్స్ వాళ్ల పార్క్ పరిశోధన కేంద్రంలో, స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద పనిచేస్తూ నార్వేకి చెందిన ట్రిగ్వె రీన్‌స్కాగ్ దీన్ని రూపొందించారు. అప్పటికి వెబ్ అన్నదే లేదు. వెబ్‌లోకి వచ్చాక దీని నడక కొంత మారింది. సర్వర్ పేజీ పంపేశాక, బ్రౌజర్ మళ్లీ అడిగితేనే తిరిగి పలుకుతుంది కాబట్టి, వచ్చిన రిక్వెస్టును కంట్రోలర్ అందుకోవడం, మోడల్‌తో పని చేయించడం, ఫలితాన్ని వ్యూకి అప్పగించడం అనే వరస స్థిరపడింది. ఈ పద్ధతిలో వెబ్‌సైట్లు కట్టుకోవడానికి వీలుగా సిద్ధం చేసిన చట్రాలు (ఫ్రేమ్‌వర్కులు) ఒక్కో భాషకూ వచ్చాయి: 2000లో జావాకి స్ట్రట్స్, 2004లో రూబీకి రైల్స్, 2005లో పైథాన్‌కి జాంగో, 2009లో ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీ, 2011లో పీహెచ్‌పీకి లారవెల్ వచ్చాయి. భాషలు వేరు, తయారుచేసినవాళ్లు వేరు. అయినా అందరూ ఇంచుమించు ఇదే విభజనకు వచ్చారంటే దాని వెనక గట్టి అవసరం ఉందనేగా. ఆ అవసరం తీరిపోలేదు.

అదేమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. గ్రంథాలయం కోసం ఒక అప్లికేషన్ రాస్తున్నారనుకోండి. ఒక సభ్యుడి దగ్గర ఒకేసారి మూడు పుస్తకాలకు మించి ఉండకూడదన్నది నియమం. దీన్ని ఎక్కడ రాయాలి? చాలామంది విద్యార్థులు వ్యూలో రాస్తారు. మూడు పుస్తకాలు తీసుకున్నవాడికి ‘తీసుకో’ బటన్ కనిపించకుండా చేసి, పనైపోయిందనుకుంటారు. బటన్‌తో పని లేకుండా రిక్వెస్టు నేరుగా సర్వర్‌కి పంపడం తెలిసినవాడు నాలుగో పుస్తకం కూడా తీసుకుంటాడు. ఇంకొందరు కంట్రోలర్‌లో రాస్తారు. వెబ్‌సైట్ వరకు బాగానే ఉంటుంది. ఏడాది తర్వాత మొబైల్ యాప్ వస్తుంది, దానికి వేరే కంట్రోలర్ రాస్తారు, రాసేవాడికి ఆ నియమం గుర్తుండదు. మోడల్‌లో ఉంటేనే, ఏ దారిన వచ్చినా ఆ నియమాన్ని దాటిపోవడం కష్టం. అక్కడితోనూ అయిపోదు. ఒకే క్షణంలో రెండు రిక్వెస్టులు వస్తే రెండూ ‘ఇప్పటికి రెండే ఉన్నాయి’ అని చూసుకుని ముందుకు పోతాయి, కాబట్టి డేటాబేస్ స్థాయిలో కూడా కట్టడి ఉండాలి. ఇంటర్వ్యూలో ఈ చివరి సంగతి తనంతట తాను ఎత్తిన కుర్రాడిని ఎవరూ తేలిగ్గా వదులుకోరు.

మీ అబ్బాయి ఈ ఆరు నెలల్లో ఇలాంటి నిర్ణయాలు ఎక్కడ తీసుకోవాలో నేర్చుకుంటూ ఉండాలి. జాంగో పేరుతో దీనికి పని లేదు. అన్నట్టు, మిగతా చోట్ల కంట్రోలర్ చేసే పనిలో చాలా భాగం జాంగోలో ‘వ్యూ’ చేస్తుంది, వ్యూ పని ‘టెంప్లేట్’ చేస్తుంది. ఇంటర్వ్యూలో పిల్లలు ఇక్కడ తడబడతారు, ఒకసారి చూసుకోమనండి.

ఇక మీరడిగిన పోలిక. బ్రౌజర్‌లో కనిపించే ముందు భాగాన్ని కట్టే రియాక్ట్‌ని ఫేస్‌బుక్ 2013లో బయటపెట్టినప్పుడు, చాలామంది దీన్ని ఎంవీసీలో ‘వీ’గా, అంటే వ్యూ భాగంగా, వాడుతున్నారని తయారుచేసినవాళ్లే చెప్పారు. మీరు పోటీ పెట్టిన రెండూ అసలు ఒకే వరసలోనివి కావు. రియాక్ట్ వెనక కూడా ఒక సర్వర్ ఉండాలి, ఆ సర్వర్ హెచ్‌టీఎంఎల్ పేజీ బదులు జేసన్ రూపంలో వట్టి డేటా పంపుతుంది, మూడు పుస్తకాల నియమం మాత్రం అక్కడే ఉండాలి. జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపే నోడ్‌తో ఎక్కువగా వాడే ఎక్స్‌ప్రెస్ అనే చట్రం ఏది ఎక్కడ పెట్టాలో చెప్పదు, మనమే తేల్చుకోవాలి. విభజన తెలియకుండా అక్కడికి వెళ్లినవాడు అంతా ఒకే ఫైల్లో కుక్కుతాడు. ఎంవీసీ అన్నిటికీ జవాబు చెబుతుందనీ అనను. చెల్లింపులు, ఈమెయిళ్లు, వెనక నడిచే పనులు ఎక్కడ ఉండాలో అది తేల్చదు, అందుకే చాలా బృందాలు సర్వీస్ అనే పొర ఒకటి అదనంగా పెట్టుకుంటాయి. ఉద్యోగ ప్రకటనల్లో రెండు రకాల పేర్లూ ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ల చేతికి తరచూ ఎవరో ఎప్పుడో రాసిన కోడే వస్తుంది, అందులో జావా చట్రమైన స్ప్రింగ్, లారవెల్, డాట్ నెట్ ఇంకా దండిగా ఉన్నాయి.

ఫుల్‌స్టాక్ అంటే ముందు భాగం నుంచి డేటాబేస్ దాకా అన్నీ నేర్పడం. ఆ మూడు నెలల కోర్సు గురించి నాకు గట్టి అనుమానాలున్నాయి. బ్రౌజర్, సర్వర్, డేటాబేస్, భద్రత, చివరికి దాన్ని ఇంటర్నెట్‌లో నిలబెట్టడం, ఇవన్నీ మూడు నెలల్లో అంటే ఒక్కొక్కటి తాకి వదిలేయడమే అవుతుంది. వీడియో చూస్తూ అందరూ అదే వెబ్‌సైట్ కడతారు. ‘ఈ తనిఖీ ఇక్కడే ఎందుకు పెట్టావు?’ అని అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు. ఇప్పుడు ఏఐ పనిముట్లు ఆ వెబ్‌సైట్‌ని ఇంకా త్వరగా రాసిపెడతాయి. రెండు వందల లైన్ల కంట్రోలర్ ఇచ్చి, చూడ్డానికి చక్కగా పనిచేస్తున్నట్టే చూపిస్తాయి. అందులో నియమం తప్పు చోట ఉందని పట్టుకోగల మనిషి విలువే ఇక ముందు పెరుగుతుంది. అన్ని కోర్సులూ పనికిరానివని కాదు. చేరేముందు ఒక్కటి అడగండి: మా అబ్బాయి రాసిన కోడ్‌ని ఎవరైనా లైను లైనూ చదివి, బాగాలేకపోతే తిప్పి పంపుతారా? అవునంటే ఆలోచించవచ్చు, అదీ చదువు మానకుండా, ఈ ప్రాజెక్టు పూర్తయ్యాక.

మీకు ఒక మాట కటువుగానే చెప్పాలి. స్నేహితుడు ఎన్ని వెబ్‌సైట్లు చేశాడో రాశారు. తెలిసినవాళ్లు ఏమన్నారో రాశారు. మీ అబ్బాయి ఆరు నెలలుగా దేని మీద పనిచేస్తున్నాడో ఒక్క ముక్క రాయలేదు. మీరు అడిగి ఉండరని నా అనుమానం. ఎవరో అన్నారని సగంలో మాన్పిస్తే పిల్లాడు కొత్త టెక్నాలజీ నేర్చుకోడు, మొదలుపెట్టిన ప్రతిదాన్నీ అనుమానించడం నేర్చుకుంటాడు. అలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ల దగ్గర అరడజను మొదలుపెట్టిన ప్రాజెక్టులుంటాయి, పూర్తయింది ఒక్కటీ ఉండదు. ఈ రాత్రి పక్కన కూర్చుని ఆ ప్రాజెక్టు చూపించమనండి. మీకు కోడ్ అర్థం కానక్కర్లేదు. వివరించేటప్పుడు అతను ఎక్కడ ఆగిపోతాడో అతనికే తెలుస్తుంది.

తర్వాత అతను చేయాల్సింది ఇది. ముందు ప్రాజెక్టు ముగించాలి. బ్రౌజర్ తెరవకుండానే మోడల్‌లోని నియమాలను పరీక్షించే టెస్టులు రాయాలి. ఆపైన జావాస్క్రిప్ట్ గట్టిగా నేర్చుకుని, టెంప్లేట్ల బదులు రియాక్ట్‌తో ముందు భాగాన్ని మళ్లీ కట్టి, పాత మోడల్‌నే వాడుకోవాలి. తీరికగా చేసినా ఒక సెలవుల్లో అయ్యే పనే, మీకు కావలసిన రియాక్ట్ కూడా వచ్చేస్తుంది. ఇదంతా చేసేటప్పుడు మోడల్ ఫైల్లోని నియమాలను ముట్టుకోవాల్సిన అవసరం దాదాపు రాకూడదు. వచ్చిందంటే ఏదో నియమం ఇన్నాళ్లూ టెంప్లేట్‌లోనో కంట్రోలర్‌లోనో దాక్కుని ఉందన్నమాట. దాన్ని మోడల్‌లోకి తెచ్చి, టెస్టు రాశాకే ఆ ప్రాజెక్టు పేరు రెజ్యూమెలో ఎక్కించమనండి.