కక్ష్యలో తిరిగే ఉపగ్రహం భ్రమణాన్ని, నిలకడను గురుత్వాకర్షణ ఎలా ప్రభావితం చేస్తుంది?

కక్ష్యలో ఉన్న ఉపగ్రహానికి బరువే తెలియదు కదా, ఒకసారి తిప్పి వదిలితే ఎప్పటికీ అలాగే తిరగాలి కదా, ఇక అందులో గురుత్వాకర్షణకు పాత్ర ఏముంటుందని మీరు అడిగారు. మీ కళాశాలలో రూపొందిస్తున్న 10 × 10 × 30 సెంటీమీటర్ల చిన్న ఉపగ్రహానికి పొడవాటి కడ్డీ ఒకటి బిగిస్తే అది తనంతట తానే భూమివైపు తిరిగి నిలుస్తుందా అన్నది మీ రెండో ప్రశ్న. నేను తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలంగా యాంత్రిక శాస్త్రం బోధిస్తున్నాను. కాలం చెల్లిన రాకెట్ దశలు ఆకాశంలో మెరిసే తీరును విద్యార్థులతో కలిసి గమనించడం నాకు ఎంతో ఇష్టమైన పని. ఆ అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా బరువు సంగతి చూద్దాం. 400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వ త్వరణం సెకను వర్గానికి 8.7 మీటర్ల దాకా ఉంటుంది. అంటే నేలమీద ఉన్నదానిలో దాదాపు తొమ్మిదో వంతు మాత్రమే తగ్గుతుంది. ఉపగ్రహంలోని ప్రతి భాగమూ ఒకే తీరున పడిపోతూ ఉంటుంది కాబట్టి అక్కడ బరువు తెలియదు. ఆ ఆకర్షణ ఉపగ్రహం అంతటా సరిగ్గా ఒకేలా ఉండి ఉంటే మీరు అన్నదే నిజమయ్యేది. ఏకరీతి ఆకర్షణ ఏ వస్తువునూ తన కేంద్రం చుట్టూ తిప్పలేదు. అయితే దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది కనుక, నిలువుగా ఉన్న వస్తువు కింది కొనను భూమి కొంచెం ఎక్కువగా, పై కొనను కొంచెం తక్కువగా లాగుతుంది. ఈ తేడాకు కక్ష్య చలనం వల్ల కలిగే అపకేంద్ర ప్రభావపు తేడా కూడా తోడై, రెండు కొనలనూ ఒకదాని నుంచి ఒకటి దూరంగా లాగుతున్నట్లు అవుతుంది. 10 మీటర్ల పొడవున్న వస్తువుకు ఆ ఎత్తులో ఈ మొత్తం తేడా సెకను వర్గానికి 0.00004 మీటర్ల లోపే. దీనినే గురుత్వ ప్రవణత అంటారు. మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇందులోనే ఉంది: ఉపగ్రహాన్ని కక్ష్యలో పట్టి ఉంచేది గురుత్వాకర్షణ, దాన్ని తన చుట్టూ తాను తిప్పేది మాత్రం ఆ ఆకర్షణలోని తేడా.

పొడవాటి వస్తువు నిలువుకు కొంచెం వాలి ఉంటే, ఈ తేడా దాన్ని తిరిగి నిలువుకు తెచ్చే తిప్పుడు బలంగా, అంటే టార్క్‌గా పనిచేస్తుంది. దాని విలువ కక్ష్యలోని కోణీయ వేగపు వర్గంపైనా, ఉపగ్రహపు అతి పెద్ద, అతి చిన్న జడత్వ భ్రామకాల (ఒక అక్షం చుట్టూ తిప్పడానికి వస్తువు చూపే అడ్డు) మధ్య ఉన్న తేడాపైనా, వాలిన కోణానికి రెట్టింపు కోణపు సైన్ విలువపైనా ఆధారపడుతుంది. మొత్తాన్ని ఒకటిన్నరతో గుణించాలి. అందువల్ల 45 డిగ్రీల వద్ద టార్క్ గరిష్ఠంగా ఉంటుంది. సరిగ్గా నిలువుగా ఉన్నప్పుడు, సరిగ్గా అడ్డంగా ఉన్నప్పుడు సున్నా అవుతుంది. ఈ రెండు సున్నాలూ ఒకటి కావు. నిలువు స్థితి నుంచి కదిపితే వస్తువు మళ్ళీ నిలువుకే వస్తుంది, అడ్డం స్థితి నుంచి కదిపితే ఇక వెనక్కి రాదు. తలకిందులుగా నిలువుగా ఉన్నా అంతే నిలకడ ఉంటుందన్నది చాలామంది గమనించని విషయం, దాని అవసరం చివర్లో వస్తుంది. గోళంలా అన్ని అక్షాల చుట్టూ ఒకే జడత్వ భ్రామకం ఉన్న వస్తువుపై మాత్రం ఈ టార్క్ అసలు ఉండదు.

అంకెల్లో చెప్పాలంటే, జడత్వ భ్రామకాల తేడా 1000 కిలోగ్రామ్-చదరపు మీటర్లు ఉన్న పెద్ద ఉపగ్రహంపై 400 కిలోమీటర్ల ఎత్తులో ఈ టార్క్ గరిష్ఠంగా సుమారు 0.002 న్యూటన్-మీటర్లు. మీటరు పొడవున్న పుల్ల చివర 0.2 గ్రాముల బరువు వేలాడదీస్తే నేలమీద కలిగే టార్క్ అంతే. ఇంత చిన్నదాన్ని పట్టించుకోవాలా అని తరగతిలో ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. పట్టించుకోవాలి, ఎందుకంటే అది ఆగదు. ఒకే దిశలో ఒక ప్రదక్షిణ కాలం, అంటే దాదాపు 92 నిమిషాలు పనిచేస్తే పదికి పైగా న్యూటన్-మీటర్-సెకన్ల కోణీయ ద్రవ్యవేగం పోగవుతుంది. దాన్ని పీల్చుకోవడానికి ఉపగ్రహం భంగిమను సరిదిద్దడానికి లోపల తిరిగే చక్రం, అంటే రియాక్షన్ వీల్, తన వేగం పెంచుకుంటూ పోవాలి, కొన్ని ప్రదక్షిణల్లోనే ఆ చక్రం తన హద్దుకు చేరుతుంది. అప్పుడు అయస్కాంత దండాలతోనో, ఇంధనం ఖర్చు చేసో ఆ భారాన్ని దించాలి. 1973లో ఎగిరిన అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో నియంత్రకులు ఈ శత్రువునే మిత్రుడిగా వాడుకున్నారు. కక్ష్యలో రాత్రి భాగంలో కేంద్రాన్ని కావాలని కొంత వంచి, గురుత్వ టార్క్‌తోనే గైరోలలో పోగైన ద్రవ్యవేగాన్ని దించేవారు. నేటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా గురుత్వ టార్క్, గాలి రాపిడి టార్క్ ఒకదానినొకటి రద్దు చేసుకునే భంగిమను ఎంచుకుని ఎగురుతుంది.

ఇక భ్రమణం గురించి. 1975 ఏప్రిల్ 19న ప్రయోగించిన మన ఆర్యభట తన చుట్టూ తాను తిరుగుతూ నిలకడ పొందిన ఉపగ్రహమే. వేగంగా తిరిగే సౌష్ఠవమైన ఉపగ్రహం వేగాన్ని గురుత్వ ప్రవణత పెంచలేదు, తగ్గించలేదు, ఎందుకంటే ఆ టార్క్‌కు భ్రమణాక్షం దిశలో భాగమే ఉండదు. అది చేసేదల్లా అక్షాన్ని పక్కకు జరపడం. నిమిషానికి 10 చుట్లు తిరిగే ఉపగ్రహంలో జడత్వ భ్రామకాల తేడా భ్రమణాక్షపు భ్రామకంలో పదింట మూడు వంతులు అనుకుంటే, అక్షం కక్ష్య తలానికి గీసిన లంబం నుంచి 45 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు అది రోజుకు సుమారు 2 డిగ్రీలు పురస్సరణం చెందుతుంది, అంటే బొంగరం అక్షంలా మెల్లగా చుట్టు తిరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే ఈ జరగడం సగమవుతుంది. తిప్పడం వల్ల నిలకడ వస్తుందనే మాటకు అర్థం ఇదే.

ఇదే లెక్క భూమికి కూడా వర్తిస్తుందని చెప్పకుండా ఉండలేను. భూమి మధ్యరేఖ వద్ద ధ్రువాలకంటే సుమారు 21 కిలోమీటర్లు ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుపై సూర్యచంద్రుల గురుత్వ తేడా పనిచేసి భూమి అక్షాన్ని దాదాపు 26,000 సంవత్సరాలకు ఒక చుట్టు తిప్పుతుంది. అంటే 72 సంవత్సరాలకు ఒక డిగ్రీ. మన పంచాంగాల్లో అయనాంశ పేరుతో ఉండే సుమారు 24 డిగ్రీలు ఇలా పోగైనవే. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో అయినా మనం మకర సంక్రాంతిని జనవరి మధ్యలో జరుపుకోవడానికి కారణం కూడా ఆ టార్కే. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపడానికి ఈ టార్క్‌నే ఆధారంగా తీసుకుని లగ్రాంజ్ రాసిన వ్యాసానికి 1764లోనే ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ బహుమతి దక్కింది. కాబట్టి ఉపగ్రహాల కోసం ఈ సిద్ధాంతాన్ని కొత్తగా కనిపెట్టవలసిన అవసరం రాలేదు.

తిప్పి వదిలితే అలాగే తిరుగుతుందన్న మీ నమ్మకాన్ని దెబ్బతీసేది గురుత్వం కన్నా ముందు మరొకటి ఉంది. 1958 జనవరి 31న ప్రయోగించిన ఎక్స్‌ప్లోరర్-1 సన్నగా, రెండు మీటర్ల పొడవుతో ఉండేది. దాన్ని పొడవాటి అక్షం చుట్టూ నిమిషానికి 750 చుట్లు తిప్పి వదిలారు. కొన్ని గంటల్లోనే అది ఒక కొన మీదుగా మరో కొన పల్టీలు కొట్టే భ్రమణంలోకి మారింది. దాని మెత్తని యాంటెన్నాలు ఊగుతూ శక్తిని వేడిగా మార్చాయి. బయటి టార్క్ లేకుండా కోణీయ ద్రవ్యవేగం మారదు కాబట్టి, శక్తి తగ్గుతున్నప్పుడు వస్తువుకు మిగిలే దారి అతి పెద్ద జడత్వ భ్రామకం ఉన్న అక్షం చుట్టూ తిరగడం ఒక్కటే.

ఈ సంగతిని మీరు కూడా కంటితో చూడవచ్చు. చంద్రగిరి దాటాక, పట్టణపు వెలుగు తగ్గే చోట, సూర్యాస్తమయం అయిన గంట తర్వాత మేము బైనాక్యులర్లతో పాత రాకెట్ దశల కోసం చూస్తుంటాం. మసకగా కదులుతున్న చుక్క ఒక్కసారిగా ప్రకాశవంతమై, మళ్ళీ మసకబారుతుంది. ఒక విద్యార్థి ఫోనులోని స్టాప్‌వాచ్ నొక్కుతూ ప్రతి మెరుపుకూ కాలం చదువుతాడు, మరొకరు రాసుకుంటారు. పొడవాటి స్తూపం పల్టీలు కొడుతుంటే ఒక చుట్టుకు రెండు మెరుపులు వస్తాయి. ఒకటి ప్రకాశవంతంగా, తర్వాతిది కాస్త తక్కువగా ఉండటం తరచుగా కనిపిస్తుంది కనుక, ఒకే రకం మెరుపుల మధ్య కాలాన్నే పూర్తి చుట్టుగా తీసుకోవాలి. స్తూపం పొడవాటి అక్షం చుట్టూ మాత్రమే తిరుగుతూ ఉంటే ఇంత స్పష్టమైన మెరుపులు రావు. అదే వస్తువును కొన్ని నెలల తర్వాత చూస్తే మెరుపుల మధ్య కాలం పెరిగి ఉండటం మేము గమనించాం. దీనికి ప్రధాన కారణం గురుత్వం కాదు. లోహపు గోడలు భూ అయస్కాంత క్షేత్రంలో తిరుగుతున్నప్పుడు వాటిలో పుట్టే ఎడ్డీ విద్యుత్ ప్రవాహాలు భ్రమణ శక్తిని తినేస్తాయి. వేగంగా పల్టీలు కొట్టే వస్తువుపై గురుత్వ టార్క్ ప్రతి పావు చుట్టుకూ దిశ మార్చుకుంటూ తనను తానే రద్దు చేసుకుంటుంది. భ్రమణం మందగించి, ప్రదక్షిణ వేగానికి దగ్గరగా వచ్చినప్పుడే గురుత్వానిది పైచేయి అవుతుంది.

అలా చిక్కిన వస్తువు వెంటనే నిలవదు, ఊయలలా నిలువుకు అటూ ఇటూ ఊగుతుంది. సన్నని పొడవాటి వస్తువుకు కక్ష్య తలంలో ఈ ఊగే కాలం ప్రదక్షిణ కాలాన్ని 1.73తో భాగిస్తే వస్తుంది. 92 నిమిషాల కక్ష్యలో అది సుమారు 53 నిమిషాలు. శక్తిని పీల్చే ఏర్పాటు లేకపోతే ఆ ఊపు తగ్గదు. కక్ష్య పూర్తి వృత్తం కాకపోతే మరో ఊపు దానికి తోడవుతుంది, ఉత్కేంద్రత (కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే కొలత) 0.02 ఉంటే అది ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ. 1984 ఏప్రిల్‌లో కక్ష్యలో వదిలిన ఎల్‌డీఈఎఫ్ అనే తొమ్మిది మీటర్ల పొడవైన అమెరికా వేదిక ఇంధనం గాని, చక్రాలు గాని లేకుండా, గురుత్వ ప్రవణతతోనూ, ఊపును అణచే ఒక చిన్న పరికరంతోనూ 1990 జనవరి దాకా ఒకే భంగిమలో నిలిచింది. ఈ పద్ధతికి అంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

భూమి భ్రమణంతో సమానంగా ఉపగ్రహాలు తిరిగే, చాలా ఎత్తైన భూస్థిర కక్ష్యలో ఈ ప్రభావం 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నదానిలో దాదాపు 240వ వంతే. అక్కడ సూర్యకాంతి పీడనమే బలమైనది. ఒకవైపే సౌరఫలకం ఉన్న మన సమాచార ఉపగ్రహం ఇన్సాట్-1ఏకు రెండోవైపు తూకంగా ఉండవలసిన సౌరతెర విచ్చుకోలేదు. 1982 ఏప్రిల్‌లో వెళ్ళిన ఆ ఉపగ్రహం భంగిమను నిలబెట్టడంలోనే ఇంధనం అయిపోయి, సెప్టెంబరులో దాన్ని వదులుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మీ ఉపగ్రహం సంగతి. బరువు 4 కిలోలు అనుకుంటే, కడ్డీ లేకుండా దాని జడత్వ భ్రామకాల తేడా 0.027 కిలోగ్రామ్-చదరపు మీటర్లు. 400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వ టార్క్ గరిష్ఠంగా కోటిలో అర వంతు న్యూటన్-మీటరు. బ్యాటరీలు, తీగల వల్ల మిగిలే అయస్కాంతత్వం 0.01 ఆంపియర్-చదరపు మీటర్లు ఉన్నా, భూ అయస్కాంత క్షేత్రం దానిపై కోటిలో మూడు వంతుల టార్క్ కలిగిస్తుంది. అంటే గురుత్వం ఆరో వంతు బలంతో ఓడిపోతుంది. ఉపగ్రహ కేంద్రం నుంచి 2 మీటర్ల దూరాన 100 గ్రాముల బరువు ఉంచితే తేడా 0.42కు పెరిగి, గురుత్వ టార్క్ కోటిలో ఎనిమిది వంతులవుతుంది. అప్పుడు కూడా ఆ అయస్కాంతత్వం ఉపగ్రహాన్ని నిలువు నుంచి 11 డిగ్రీల దాకా వంచి ఉంచగలదు. అదే బరువును 3 మీటర్లకు జరిపితే ఆ వంపు 5 డిగ్రీలకు దిగుతుంది. కాబట్టి బరువు పెంచడం కన్నా కడ్డీ పొడవు పెంచడమే మేలు, ఎందుకంటే పొడవు ప్రభావం వర్గంతో పెరుగుతుంది.

అందువల్ల మీ కెమెరాకు ఐదారు డిగ్రీల తేడా సరిపోతేనే ఈ పద్ధతి ఎంచుకోండి. ప్రయోగానికి ముందే ఉపగ్రహపు మిగులు అయస్కాంతత్వాన్ని కొలిచి, ఎదురు అయస్కాంతంతో తగ్గించండి. ఊపు అణగడానికి హిస్టరిసిస్ కడ్డీలు, అంటే భూ అయస్కాంత క్షేత్రంలో ఊగుతూ శక్తిని వేడిగా మార్చే మెత్తని అయస్కాంత లోహపు కడ్డీలు, అమర్చండి. రాకెట్ నుంచి విడిపోగానే కడ్డీ చాపవద్దు. ముందు అయస్కాంత కాయిళ్ళతో పల్టీలు తగ్గించి, కెమెరా భూమివైపు ఉన్న ఘడియ చూసి చాపాలి. 2 మీటర్ల కడ్డీ చాపగానే అడ్డపు అక్షాల చుట్టూ జడత్వ భ్రామకం సుమారు 13 రెట్లవుతుంది కనుక, మిగిలిన పల్టీ వేగం అంతే మేరకు తగ్గి గురుత్వం దాన్ని పట్టుకోవడం సులువవుతుంది. తలకిందులుగా ఉన్నప్పుడు చాపితే అది అలాగే నిలకడగా నిలిచిపోతుంది, దాన్ని మళ్ళీ తిప్పడానికి మీ కాయిళ్ళ బలం సరిపోతుందో లేదో ముందే లెక్కగట్టుకోండి.