తక్కువకు వస్తోందని అప్పు చేస్తారా?

ప్రశ్న: మల్కాజిగిరిలో అద్దెకు ఉంటున్నాం. నేను స్కూల్ టీచర్‌ని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరికీ కలిపి నెలకు రూ.70 వేలు వస్తాయి. బాబుకు 13 ఏళ్లు, పాపకు 10. ఇద్దరికీ ఫాంటసీ నవలలు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ (కథలో పాత్రలుగా మారి, పుస్తకంలోని రూల్స్ ప్రకారం ఆడే ఆట) లాంటి ఆటల పుస్తకాల పిచ్చి పట్టుకుంది. కొత్తవి కొందామంటే ఆటల పుస్తకాలు ఒక్కోటి మూడు నాలుగు వేలు. కొండాపూర్‌లో ఒకరు అమెరికా వెళ్లిపోతూ 64 పుస్తకాలు కలిపి రూ.36 వేలకు ఇస్తామంటున్నారు. విడిగా ఇవ్వరట. మా పిల్లలు అడిగినవి అందులో పన్నెండు ఉన్నాయి. మిగతావి అమ్మేస్తే లాభమే వస్తుందని నా ఆలోచన. లోన్ యాప్‌లో 20 శాతం వడ్డీకి ఏడాది పాటు నెలకు రూ.3,600 ఈఎంఐ పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు రూ.1,000. అది కట్టగలను. లేదంటే నెలకు రూ.5 వేలు కట్టే లక్ష రూపాయల చిట్టీ పాడుకోవచ్చు, ఇంకా ఏడు నెలలు ఉంది. బ్యాంకులో రూ.31 వేలు ఉన్నాయి కానీ కదపడం ఇష్టం లేదు. క్రెడిట్ కార్డు బాకీ రూ.27 వేలు ఉంది, నెలకు రూ.1,400 కడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: వద్దండీ. లోన్ యాప్ వద్దు, చిట్టీ పాడటం వద్దు, ఆ 64 పుస్తకాలూ వద్దు. పిల్లలకు పుస్తకాలు మాత్రం కొనండి, దానికి దారి చివర్లో చెబుతాను.

మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో పుస్తకాల బదులు ఫోనో, సోఫానో, శివార్లలో ప్లాటో ఉంటుంది. ‘తక్కువకు వస్తోంది, రేపటికల్లా చెప్పాలి, అప్పు చేయనా?’ అనే మాట మాత్రం అన్నింట్లో ఒకటే. వస్తువు సెకండ్‌హ్యాండ్ అయినంత మాత్రాన అప్పు చవకైపోదు.

ముందు ఆ 20 శాతం సంగతి. రూ.36 వేలకు 20 శాతం అంటే రూ.7,200. మొత్తం రూ.43,200ను పన్నెండుతో భాగిస్తే మీరు చెప్పిన రూ.3,600 వచ్చింది. దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న రూ.36 వేల మీదే ఏడాదంతా వేస్తున్నారన్నమాట. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 35 శాతం. ఫీజు వెయ్యి ముందే పట్టుకుని మీ చేతికి రూ.35 వేలే ఇస్తారు కాబట్టి నిజంగా పడే వడ్డీ రేటు 40 శాతం దాటుతుంది. అప్పు ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల పత్రం) చూపించాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే రేటు అది, చూడాల్సింది దాన్ని. ‘ఈఎంఐ కట్టగలను’ అని సరిపెట్టుకునేవాళ్లు ఉన్నంతకాలం ఈ యాప్‌లకు గిరాకీ తగ్గదు.

ఇప్పుడు పుస్తకం ధర చూడండి. మొత్తం 64 అనుకుంటే ఒక్కోటి రూ.560, బేరం బాగానే ఉంది. పిల్లలకు కావాల్సినవి పన్నెండే. వడ్డీ, ఫీజు కలిపి మీ జేబులోంచి పోయేది రూ.44,200. మిగతా 52 అమ్ముడుపోయేదాకా ఆ పన్నెండూ ఒక్కోటి మీకు రూ.3,700 దాకా పడినట్టే. కొత్తవాటి ధర ఎంతో మీరే రాశారు కదా!

ఆ 52 ఎవరు కొంటారు? ఫొటోలు తీయాలి, ఆన్‌లైన్‌లో పెట్టాలి, ‘లాస్ట్ ప్రైస్ ఎంత’ అనేవాళ్లకు జవాబులు చెప్పాలి, కొరియర్ కట్టాలి. స్కూల్లో కాపీలు దిద్దుకుని ఇంటికొచ్చిన మీకు ఇది రెండో ఉద్యోగం. పైగా డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌ను సవరించి 2024లో కొత్త పుస్తకాలు తెచ్చారు. పాతవాటితోనూ హాయిగా ఆడుకోవచ్చు. కానీ కొత్త పుస్తకం ధర చూసి పాతదానికి లాభం ఊహించుకోకూడదు. ఆ లాట్‌లో ఏ ఎడిషన్‌వి ఎన్ని ఉన్నాయో అడిగారా?

కార్డు సంగతి ఇంకా టెన్షన్ పెట్టేది. రూ.27 వేల బాకీకి నెలకు 3.5 శాతం వేసుకుంటే వడ్డీ రూ.945, దాని మీద 18 శాతం జీఎస్‌టీ మరో రూ.170. మీరు కట్టే రూ.1,400లో అసలుకు చేరేది రూ.285. ఈ బాకీ నడుస్తున్నంత కాలం కార్డుతో కొత్తగా కొనే ఉప్పు, పప్పు మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. వడ్డీలేని గడువు మీకు ఎప్పుడో పోయింది. కార్డును ఈరోజే పర్సులోంచి తీసి బీరువాలో పెట్టండి.

నేను ప్రతి వారం చెప్పే మాటే మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. మీకు అత్యవసర నిధి లేదు. రూ.31 వేలు ఉన్నాయంటారు. అద్దె, పిల్లల ఫీజులు, బస్సు, సరుకులు, మందులు, చిట్టీ కలిపితే మీలాంటి ఇంటికి నెలకు రూ.50 వేలకు తగ్గదు. అంటే మీ దగ్గర ఉన్నది మూడు వారాల ఖర్చు కూడా కాదు. మీవారి కంపెనీ జీతం ఒక నెల ఆపితే? ఇంటి ఓనరు ఖాళీ చేయమంటే కొత్త ఇంటికి అడ్వాన్సు, సామాను వ్యాను ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారు? ఊళ్లో పెద్దవాళ్లకు బాగాలేక రాత్రికి రాత్రి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే? అప్పుడు మళ్లీ అదే యాప్ తెరుస్తారు, ఆ రోజు రేటు ఎంతని చూసే ఓపిక కూడా ఉండదు. అలా ఒక అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లోకి వెళ్లిన కుటుంబాలను చూస్తూనే ఉన్నాను. చాలావరకు మొదలైంది ముప్పై నలభై వేల దగ్గరే.

అన్నట్టు, స్కూలు ఫీజు ఎమర్జెన్సీ కాదు. ఏటా జూన్‌లో వస్తుందని అందరికంటే బాగా తెలిసింది టీచర్‌గా మీకే. దానికి విడిగా పెట్టుకోవాలి.

చేయాల్సింది ఇది. రూ.31 వేలలో రూ.12 వేలు ఈ వారమే కార్డుకు కట్టండి. ‘కదపడం ఇష్టం లేదు’ అన్నారు. పొదుపు ఖాతాలో మూడు శాతం వడ్డీ కూడా రాని డబ్బును దాచుకుని, కార్డుకు ఏడాదికి 42 శాతం కట్టడంలో అర్థం లేదు. మిగిలిన రూ.19 వేలు ముట్టుకోవద్దు. ఈఎంఐగా కట్టగలనన్న రూ.3,600లో మూడు వేలు కార్డుకు కలిపి నెలకు రూ.4,400 కట్టండి. కార్డు మళ్లీ గీకకపోతే నాలుగో నెలకల్లా బాకీ తీరిపోతుంది. ఆ తర్వాత అదే రూ.4,400 అత్యవసర నిధికి వెళ్లాలి. చిట్టీ ఇప్పుడు పాడితే వేలంలో నష్టపోతారు. చివరిదాకా ఆగితే కమీషన్ పోను రూ.95 వేల దాకా చేతికొస్తుంది, అది కూడా ఇందులోకే. ఏడు నెలలకు నిధి రూ.1.25 లక్షలు దాటుతుంది. అప్పటికి చిట్టీ కట్టే రూ.5 వేలు కూడా మిగులుతాయి కాబట్టి ఇంకో మూడు నెలలకు రూ.1.5 లక్షలు, అంటే మూడు నెలల ఖర్చు. అక్కడ ఆగకుండా ఆరు నెలల ఖర్చుకు తీసుకెళ్లండి. ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) పెడతారా, స్వీప్-ఇన్ డిపాజిట్లోనా (ఖాతాలో మిగులు తనంతట డిపాజిట్‌గా మారేది), లిక్విడ్ ఫండ్‌లోనా (త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) అన్నది పెద్ద విషయం కాదు. ఒకటి రెండు రోజుల్లో చేతికి రావాలి, రోజూ వాడే యూపీఐ ఖాతాలో మాత్రం ఉండకూడదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, కార్డు తీరగానే సొంత ఫ్యామిలీ పాలసీ ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు.

ఇక ఆ ఈఎంఐ రూ.3,600లో మిగిలిన రూ.600 పిల్లల పుస్తకాలకు, ప్రతి నెలా. నవ్వకండి. ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉన్నప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద మంచి స్థితిలో ఉన్న ఫాంటసీ పేపర్‌బ్యాక్‌లు నూరు, నూటయాభైకి దొరుకుతాయి. పిల్లలను వెంట తీసుకెళ్లండి, వాళ్ల కళ్లకు కనిపించేవి మనకు కనిపించవు. కోఠిలో ఎక్కువగా పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలే కాబట్టి ఈ పని మీద అక్కడ తిరగక్కర్లేదు. ఏటా డిసెంబరు ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనలో పాత పుస్తకాల స్టాళ్లూ ఉంటాయి, రెండు నెలల డబ్బు దానికి దాచండి.

కొనేముందు కాస్త చూసుకోవాలి. నవలల సిరీస్‌లో మూడోది, అయిదోది దొరికి మొదటిది దొరకకపోతే పాప దాన్ని తెరవదు. ఆటల పుస్తకాల్లో మడతపెట్టిన మ్యాపులు చిరిగిపోయి ఉంటాయి, పాత యజమాని పేజీల నిండా పెన్సిల్ లెక్కలు రాసి ఉంటాడు.  అక్షరాలు అలుక్కుపోయి, కాగితం పలచగా ఉంటే పైరసీ ప్రింటు. ఎంత తక్కువైనా వదిలేయండి.

ఇంకో సంగతి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్స్‌ను ప్రచురణకర్తలే ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. ఆడేవాళ్లు నలుగురైనా అయిదుగురైనా ఒక్క సెట్ రూల్స్ చాలు. వాటిని ప్రింట్ తీయించి, సెలవుల్లో పక్కింటి పిల్లలతో రెండు నెలలు ఆడనివ్వండి. అప్పటికీ మోజు తగ్గకపోతే పెద్ద పుస్తకం గురించి ఆలోచిద్దాం.

కొండాపూర్ వాళ్లకు మాత్రం ఈరోజే ఫోన్ చేయండి. పన్నెండులో పిల్లలకు మరీ కావాల్సిన మూడు ఎంచి, ఒక్కోటి రూ.400కు అడగండి. రెండు నెలల పుస్తకాల డబ్బు దానికి సరిపోతుంది. ఇప్పుడు విడిగా ఇవ్వం అంటారు, అననివ్వండి. విమానం తేదీ దగ్గర పడ్డాక వాళ్లే ఫోన్ చేసే అవకాశం ఉంది. చేయకపోతే ఆ రూ.1,200 పట్టుకుని ఆదివారం ఆబిడ్స్ వెళ్లండి.