మూడేళ్లలో మూడు ఉద్యోగాలు: తప్పు అబ్బాయిదా, ఊరిదా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా ముగించి మూడేళ్లయింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరి మానేశాడు. తర్వాత బైకుల సర్వీస్ సెంటర్, ఇప్పుడు రేణిగుంటలో ఫోన్లు బిగించే కంపెనీ. అదీ మానేసి తడ దగ్గరి పారిశ్రామికవాడ శ్రీసిటీకి వెళ్తానంటున్నాడు. నేను ఒకే సంస్థలో 26 ఏళ్లు చేశాను. వీడికి నిలకడ వచ్చేదెలా?

జవాబు: నిలకడ మాట కాసేపు పక్కన పెడదాం. గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ దిగే రెండు మూడు నెలలే ఊపిరాడనంత పని. సీజను అయ్యాక అక్కడ మిగిలేది కొద్దిమందే. అలా బయటికొచ్చిన కుర్రాడికి చిత్తూరులో అదే పని ఇచ్చే గేట్లు ఎన్నున్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే బైకుల దగ్గరికి వెళ్లాడు. అక్కడ మారింది కంపెనీ ఒక్కటే కాదు, చేతిలో పనే మారింది. నేర్చుకున్నది మళ్లీ మొదటికొచ్చింది. దీన్ని నేను అతని చపలత్వం అనను.

అమెరికాలో టోపెల్, వార్డ్ అనే ఆర్థికవేత్తలు 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడి యువకులకు తొలి పదేళ్లలో పెరిగిన జీతంలో సుమారు మూడో వంతు ఉద్యోగాలు మారినప్పుడే వచ్చిందని అందులో తేలింది. ఆ లెక్క మనకు అచ్చంగా సరిపోదు. అయినా ఒక సంగతి ఇక్కడా కనిపిస్తుంది: ఒకే రకం పనికి నలుగురు యజమానులు ఉన్నచోట మారితే జీతం కదులుతుంది, ఒక్కరే ఉన్నచోట మారితే చదువు వృథా అవుతుంది.

శ్రీసిటీ మొదటి రకం. ఏసీలు తయారుచేసే డైకిన్, బ్లూ స్టార్ రెండూ 2023లో అక్కడ ప్లాంట్లు తెరిచాయి. ఒక గేటులో బ్రేజింగో (లోహపు గొట్టాలను కరిగించిన లోహంతో అతికే పని), ప్రెస్ యంత్రం మరమ్మతో నేర్చినవాడికి పక్క గేటులోనూ విలువ ఉంటుంది. నిజానికి అతను రేణిగుంటలో ఉండిపోతానంటేనే నేను కంగారుపడేవాణ్ని. షిఫ్టంతా ఒకే చోట నిలబడి అవే నాలుగు స్క్రూలు బిగించడానికి డిప్లొమా ఎందుకు?

అలాగని వెంటనే సంచి సర్దవద్దు. ముందు రెండు సంగతులు కనుక్కోమనండి. ఉద్యోగం కంపెనీ రోల్స్ మీదా, అంటే నేరుగా కంపెనీ ఉద్యోగిగానా, లేక కాంట్రాక్టర్ కిందా? పని ప్రొడక్షన్ లైనులోనా, మెయింటెనెన్స్‌లోనా? కాంట్రాక్టర్ కింద లైనులో అయితే రేణిగుంట పనే ఇంకో పేరుతో దొరికినట్టు. పైగా తడలోనో సూళ్లూరుపేటలోనో గది అద్దె అదనం. మెయింటెనెన్స్ అయితే జీతం వెయ్యి రూపాయలు తక్కువైనా పంపించండి. చెప్పిన జీతంలో ఓవర్‌టైమ్ కలిపారేమో కూడా చూడాలి, చాలామంది అక్కడే మోసపోతారు.

ఇంకొకటి, కుర్రాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు: మానేయగానే పీఎఫ్ తీసేసుకోవడం. పీఎఫ్‌తో ముడిపడిన పింఛను నెలనెలా రావాలంటే మొత్తం 10 ఏళ్ల సర్వీసు కావాలి. కంపెనీలు ఎన్ని మారినా పాత సర్వీసు కలుస్తుంది, కానీ పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచే. పాత కంపెనీల్లో పీఎఫ్ కట్టి ఉంటే, ఆ ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కిందికి వచ్చాయో లేదో ఈ ఆదివారం మీరిద్దరూ కూర్చుని చూడండి.