హోటల్ ఫ్రైడ్ రైస్ ఇంట్లో ఎందుకు ముద్దవుతుంది?

"సాసులు ఎన్ని మార్చినా ఇంట్లో ఫ్రైడ్ రైస్ ముద్దగానే వస్తోంది, హోటల్ వాళ్లు ఏం కలుపుతారు?" అని ఒకరు అడిగారు. నాకు బాగా ఇష్టమైన వంటకం ఇది, ఇంట్లో తరచూ చేస్తాను. నా అనుభవంలో సాస్ సంగతి తర్వాత, ముందు తడి సంగతి చూడాలి.

నేను తినే చోట వంట చేయడం బయటికి కనిపిస్తుంది. ఎంత రద్దీ ఉన్నా మాస్టర్ ఒక వాయికి ఒకటి రెండు ప్లేట్ల అన్నమే వేస్తారు. అంత పెద్ద మంట ఉన్నా అంతే. మనమేమో చిన్న స్టవ్ మీద ఇంటిల్లిపాదికీ ఒకేసారి వేసేస్తాం. దాంతో కడాయి చల్లబడుతుంది, అన్నంలోంచి, కూరగాయల్లోంచి నీరు దిగుతుంది. ఆ నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంచులు ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు దాటాలి. అంటే అక్కడ వేగుతోంది, మన దగ్గర ఉడుకుతోంది.

అందుకే అన్నం ముందురోజు వండండి, నీళ్లు కాస్త తగ్గించి. ఉడికాక వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడితే అన్నంలోని పిండిపదార్థం గట్టిపడి మెతుకు విడివిడిగా ఉంటుంది. రాత్రంతా బయట మాత్రం వదలొద్దు. వండినా చావని బ్యాక్టీరియా బీజాలు అన్నంలో ఉండొచ్చు, అవి పెరిగితే వాంతులు, విరేచనాలు రావొచ్చు. అంత టైమ్ లేకపోతే ఫ్యాన్ కింద పైతడి ఆరేదాకా పరిచినా చాలావరకు పనవుతుంది.

ఇనుప కడాయి బాగా కాలాక నూనె వేసి, గుడ్డు వేయించి తీసేయండి. కూరగాయలూ అంతే, పక్కన పెట్టండి. తర్వాత వెల్లుల్లి, వెంటనే అన్నం. వేశాక గరిటె ఆపి కాసేపు అలా వదిలేయండి, అడుగు కాస్త వేగనివ్వండి. నాకు ఎక్కువ తేడా కనిపించింది ఇక్కడే. సోయా సాస్ అన్నం మీద కాకుండా కడాయి అంచు వెంట పోస్తే చుర్రుమని కాలి వాసన మారుతుంది. ఒక ప్లేటుకి ఒక టీస్పూను చాలు, ఎక్కువైతే మళ్లీ తడే. చివర్లో గుడ్డు, కూరగాయలు, తెల్ల మిరియాల పొడి.

ఇక "ఏం కలుపుతారు" అన్నదానికి: చాలాచోట్ల అజినోమోటో, అంటే మోనోసోడియం గ్లుటమేట్. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు నుంచి ఈ రుచినిచ్చే పదార్థాన్ని వేరు చేశారు. దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు, ఉప్పులో ఉన్న సోడియంలో మూడోవంతే ఇందులో ఉంటుంది. చిటికెడు వేసి, ఆ మేరకు ఉప్పు తగ్గించండి. ఇష్టం లేకపోతే మానేయండి, అన్నం పొడిగా ఉంటే అది లేకున్నా బాగుంటుంది.

మీది నాన్‌స్టిక్ పాన్ అయితే ఖాళీగా పొగలొచ్చేలా కాల్చకండి, పూత పాడవుతుంది. మామూలు మంట మీదే, ఇంకా చిన్న వాయిలుగా చేసుకోండి.